రూత్ ఆన్ దూలం మీది అంకె

"పెద్ద పనేం కాదులే," అన్నాడు ఎల్డన్, రేవులో ఎరచేపల కొట్టం ముందున్న బల్ల మీద సర్దుకుని కూర్చుంటూ. "పడవని ఫెడరల్ సర్కారు దస్తావేజుల్లోకి ఎక్కించడానికి జనం నెలల తరబడి తిరుగుతారు. నేను మాత్రం ఒక్క పొద్దుటిపూట వెళ్ళి ముగించుకొచ్చాను."

డోర్కస్ ఇంకా వేడి తగ్గని డోనట్లను తన ఓక్ పలక మీద పేర్చి తెచ్చి బల్ల మధ్యన పెట్టింది. ఈ కథ ఆమె నలభై తొమ్మిదేళ్ళుగా వింటోంది. ఎల్డన్ ఆమెకు మరిది. ఆమె భర్త లీలండ్, ఎల్డన్, అన్నదమ్ములిద్దరూ చేతులారా కట్టుకున్న పడవ 'రూత్ ఆన్'. అది వాళ్ళమ్మ పేరు.

మొన్న మార్చిలో లీలండ్ ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయాడు. పడవ కాగితంలో మాత్రం ఎల్డన్ పేరు పక్కన ఆయన పేరు ఇంకా అలాగే ఉంది. అది తీసి, ఆ చోట డోర్కస్ పేరు వేసి, కొత్త కాగితం తెప్పించుకోవాలి. డోర్కస్ తన సంతకం చేసి, ఎల్డన్ సంతకం కోసం ఇచ్చి ఆరు వారాలైంది. అప్పట్నుంచీ ఆ దరఖాస్తు ఎల్డన్ చొక్కా జేబులోనే నలుగుతోంది. ఈ నెలాఖరుతో పాత కాగితం గడువు సరి. ఆ తర్వాత రూత్ ఆన్ తీరం దాటి లోతు నీళ్ళలో లాబ్‌స్టర్ బోనులు దించడానికి వీల్లేదు. ఇప్పుడా బోనులు దించేది, బల్లకి అటువైపు కూర్చున్న వాన్స్. పదహారేళ్ళు అన్నదమ్ముల దగ్గర పనిచేసినవాడు, ఇద్దరు బిడ్డల తండ్రి. వాడికి వేరే పడవ లేదు. గడువులోపు దరఖాస్తు చేరాలంటే ఇవాళ నాలుగింటికి వచ్చే టపా బండే ఆఖరిది.

"ఎల్డన్, ఆ కాగితం..." అంది డోర్కస్.

"ఆగు వదినా, అసలు సంగతి ఇప్పుడే వస్తోంది. ఐదు టన్నుల్లోపు పడవని ఫెడరల్ వాళ్ళు పడవ కిందే జమకట్టరు. టన్నులంటే బరువు కాదు వాన్స్, దాని కడుపులో ఎంత పడుతుందో ఆ కొలత. కొలతలాయన టేపు పట్టి చూసి, పిడికెడు తక్కువైందయ్యా అన్నాడు. దానిదేముంది సార్, మీరు కాఫీ తాగి రండి అన్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పొగమంచు దిగింది. మన మంచు సంగతి చెప్పేదేముంది, ఆ సెడార్ చెక్క తాగిందయ్యా తాగింది, ఆయన కప్పు కింద పెట్టేసరికి పడవ ఉబ్బి ఏడు టన్నులకొచ్చింది. రేవు చాలక పక్క పడవలు రెంటిని తీసుకెళ్ళి చర్చి ముందు రోడ్డు మీద పెట్టారు."

"మరి ఎండ వస్తే తగ్గిపోదా బాబాయ్?" అన్నాడు వాన్స్, రెండో డోనట్ తీసుకుంటూ.

"ఎండ వచ్చేలోపు ముద్ర పడిపోయింది."

డోర్కస్ చూపు బల్ల చివరికి పోయింది. అది లీలండ్ చోటు. తాళ్ళు అల్లుకుంటూ అక్కడ కూర్చుని, తమ్ముడు ఊపిరి తీసుకున్నప్పుడల్లా, "మరే, మరే," అనేవాడు. ఆ మరే మరేలో ఎంత నవ్వుండేదో ఆమెకు తెలుసు. ఇవాళ ఆ చోట ఎవరూ కూర్చోకుండా ఎల్డన్ తన టోపీ పెట్టి ఉంచాడు.

"ఇక అంకె. పడవకి ఒకసారి ఇచ్చారంటే దాని జన్మంతా అదే అంకె. పేరు మారినా అదే, మనిషి మారినా అదే. దాన్ని లోపలి పెద్ద దూలం మీద మూడంగుళాల ఎత్తున చెక్కాలి. నేను డెక్కు కింద దూరి వెల్లకిలా పడుకున్నాను. ఒక్క ఉలి, ఒక్క ఊపిరి. కాఫీ మీద ఆవిరి పోకముందే ఆరంకెలూ అయిపోయాయి. ఎంత లోతంటే, ఆ ఏటి తుఫానులో రెండొందల మైళ్ళ అవతల ఫెడరల్ ఓడొకటి నన్నాపి కాగితం చూపించమంటే, ఈ వానలో కాగితమెందుకని డెక్కు మూత తీశాను. దూలంలోంచి వెలుగొచ్చింది. వాళ్ళ కెప్టెన్ టోపీ తీసేశాడు. పక్కనే తిమింగలం తల పైకెత్తి, అంకె మొత్తం చదువుకుని, దారిచ్చింది."

"తిమింగలానికి చదువొచ్చా?"

"అంకెలు మాత్రమే. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వాషింగ్టన్ నుంచి మనిషొచ్చి అచ్చు తీసుకుపోయాడు. ఈ దేశంలో ఏ పడవ మీద ఏడంకె చూసినా, అది నా ఏడే."

వాన్స్ నవ్వాడు గానీ, "అయితే దూలం మీద చెక్కింది నువ్వా బాబాయ్? నేనెప్పుడూ అడగనే లేదు," అన్నాడు.

డోర్కస్ వాన్స్ వైపు చూసింది. లీలండ్ కూర్చుని నవ్వినంతకాలం ఆ కథ ఉత్త కోతలే. ఆయన లేనప్పుడు విన్నవాళ్ళు దాన్నే నిజమనుకుని మోసుకుపోతారు. ప్రభువా, నా మాట కటువుగా రానివ్వకు అనుకుంది. మిగిలిన డోనట్లు గుడ్డలో కట్టి, "పిల్లలకివ్వు," అని వాన్స్ చేతిలో పెట్టింది. పలక మీద పంచదార దులిపి, దాన్ని తిరగేసింది.

అటువైపు మూడంగుళాల అంకెలు ఆరున్నాయి, ముద్దుగా, వంపులతో. నాలుగు మూలలా మరమేకుల బెజ్జాలు.

వాన్స్ వేలితో తడిమి చూశాడు. "ఇది మన రూత్ ఆన్ అంకె కదా పెద్దమ్మా? దూలం మీద ఉండాల్సింది."

"ఉంది నాయనా, ఒక్క పొద్దుటిపూట," అంది డోర్కస్ నెమ్మదిగా. "మీ బాబాయ్ భుజాలు డెక్కు కింద పట్టలేదు. ఇరుక్కుపోతే మీ పెదనాన్న కాళ్ళు పట్టి లాగాడు. అప్పుడు మీ బాబాయ్ మా వంటింట్లో పొయ్యి పక్కన కూర్చుని ఈ పలక చెక్కాడు, తీసుకెళ్ళి దూలానికి మరమేకులతో బిగించాడు. ఫెడరల్ వాళ్ళ మనిషి తనిఖీకొచ్చాడు. జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి, నాలుగు మరలూ విప్పి, పలక ఎల్డన్ చేతిలో పెట్టి, 'ఊడొచ్చేది అంకె కాదు బాబూ,' అన్నాడు. ఆ మీదట లీలండ్ మూడు రోజులు వెల్లకిలా పడుకుని దూలంలోకే చెక్కాడు. కళ్ళ నిండా చెక్కపొట్టు. సాయంత్రాలు గోరువెచ్చని నీళ్ళతో నేనే కడిగేదాన్ని."

"మరి తిమింగలం?"

"ఆ సంగతి నాకు తెలియదు. నేను వంటింట్లో ఉన్నాను."

వాన్స్ నవ్వబోయి, ఎల్డన్ ముఖం చూసి ఆగిపోయాడు. ఎల్డన్ జేబులోంచి దరఖాస్తు తీశాడు. మడతల దగ్గర అది చిరిగేలా ఉంది.

"మా అన్న పేరు నా చేత్తోనే కొట్టెయ్యమంటావా వదినా?"

"కాగితంలోంచే కదా ఎల్డన్. కాగితం ఊడొచ్చేదే. దూలంలో ఉన్న ఆయన చెయ్యి తియ్యాలంటే పడవనే కొయ్యాలి."

మలుపులో టపా బండి శబ్దం వినిపించింది. ఎల్డన్ పలకని మళ్ళీ తిరగేసి, నున్నటి వైపు కాగితం పెట్టుకుని, నాలుక కొరుక్కుంటూ సంతకం చేశాడు. వాన్స్ దాన్ని అందుకుని రేవు చెక్కల మీద పరుగెత్తాడు.

వాడు ఆయాసపడుతూ వచ్చేసరికి డోర్కస్ బల్ల చివర కూర్చుని ఉంది, ఎల్డన్ టోపీ ఒళ్ళో పెట్టుకుని.

"పెద్ద పనేం కాదులే," అన్నాడు ఎల్డన్ గొంతు సవరించుకుని. "మా అన్న డెక్కు కింద వెల్లకిలా పడుకున్నాడు. ఒక్క ఉలి, ఒక్క ఊపిరి. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"మరే, మరే," అంది డోర్కస్. "తెలియదు, చెప్పు."