అడగని ప్రశ్నకు జోజిబాబు గారు చెప్పిన జవాబు

1988 జులై 11, సోమవారం ఉదయం శ్రీ జోజిబాబు గారు గంపలగూడెం విద్యుత్ కార్యాలయంలో హెల్పరుగా విధుల్లో చేరారు. అప్పటికి వారి వయస్సు ఇరవై నాలుగేళ్లు. పెనుగొలనులో వ్యవసాయ కూలీగా బతికిన ఏసోబు గారి పెద్ద కుమారుడైన వారిది, ఆ వంశంలో తొలి ఉద్యోగం. ఆ రోజు తండ్రి పనికి సెలవు పెట్టుకొని, కొడుకుతో కలిసి కార్యాలయం గేటు దాకా నడిచి వచ్చారు. లోపలికి రమ్మంటే రాలేదు. "పెద్దోళ్లనీ చిన్నోళ్లనీ చూడమాకరా. కరెంటు లేదని ఎవరొచ్చినా ముందు లేచి నిలబడు" అని మాత్రం చెప్పి వెనుదిరిగారు.

తర్వాతి పదిహేనేళ్లలో హెల్పరు నుంచి అసిస్టెంట్ లైన్‌మెన్‌గా, అక్కడినుంచి లైన్‌మెన్‌గా వారు ఎదిగిన క్రమం కార్యాలయ దస్త్రాల్లో నాలుగు పంక్తులకు మించదు. కాని గంపలగూడెం మండలంలో వారి సైకిలు తొక్కని డొంక లేదు, వారు ఎక్కని స్తంభం బహుశా లేదు. క్రైస్తవ విశ్వాసం వారికి ఇంటి నుంచి వచ్చిన ఆస్తి. దానిని వారు కార్యాలయంలో ఎన్నడూ దాచలేదు, ఎవరి మీదా రుద్దలేదు. ఆదివారం ఆరాధన మధ్యలో లైను తెగిందన్న కబురు వస్తే నిశ్శబ్దంగా లేచి వెళ్లిపోయేవారు. ఒకసారి పాస్టరు గారు ఆ సంగతి అడిగితే, "మా ఇంటావిడ ప్రార్థన చేస్తా ఉంటదయ్యగారూ, నేనీలోపు కరెంటిచ్చి వస్తా" అన్నారట. ఆ ఇంటావిడ, అంగన్‌వాడీ కార్యకర్త శ్రీమతి హన్నమ్మ గారు, ఇప్పటికీ ఆ మాట చెప్పి నవ్వుతారు.

ఇక్కడ చెప్పబోయే ఉదంతాన్ని వారి పదవీ విరమణ సందర్భంగా తెస్తున్న ఈ సంచికలో రాయవచ్చునా అని సంపాదక వర్గం కొంత తటపటాయించింది. రాసి తీరాలని పట్టుబట్టినవారు సబ్‌స్టేషన్ ఆపరేటరు శ్రీ మొహిద్దీన్ గారు. "తప్పు నాది. నా పేరు పెట్టే రాయండి. లేకపోతే ఆయన చేసిందేంటో మీ పిల్లలకి అర్థం కాదు" అన్నారు. వారి మాటను గౌరవించి, వారు చెప్పినది చెప్పినట్టుగా ఇక్కడ పొందుపరుస్తున్నాం.

2003 సెప్టెంబరులో వానలు ముఖం చాటేశాయి. పెనుగొలను పొలాల్లో వరి బెట్టకు వచ్చింది. ఒక మధ్యాహ్నం పదకొండు వేల వోల్టుల లైను మీద పింగాణీ ఇన్సులేటరు పగిలి మోటార్లన్నీ ఆగిపోయాయి. జోజిబాబు గారు సబ్‌స్టేషన్ నుంచి లైన్ క్లియర్ తీసుకొని స్తంభం ఎక్కారు. లైను మీద చెయ్యి వేసే ముందు తీసుకునే అనుమతి అది. తీసుకున్న మనిషి స్వయంగా తిరిగి అప్పగించేదాకా ఆ లైనుకు కరెంటు ఇవ్వరాదన్నది ఈ వృత్తిలో ప్రాణంతో సమానమైన నియమం. స్తంభం ఉన్న చేను రైతు వెంకటప్పయ్య గారిది. "జోజీ, పైరు ఎండిపోతోందయ్యా, గబగబా కానీ" అంటూ ఆయన కింద నిలబడి ఉన్నారు.

అదే సమయానికి సబ్‌స్టేషన్‌లో ఇరవై ఎనిమిదేళ్ల మొహిద్దీన్ గారు విధుల్లో ఉన్నారు. రైతులు పదిమంది లోపలికి తోసుకొచ్చి కేకలు వేస్తున్నారు. అదే లైను మీద మరోచోట పనిచేస్తున్న ఇంకొక బృందం తమ పని అయిపోయిందని చెప్పి అనుమతి అప్పగించింది. రిజిస్టరులో రెండు పేర్లు ఉన్నాయి. ఆ గోలలో మొహిద్దీన్ గారి కళ్లు ఒక పేరు దగ్గరే ఆగిపోయాయి. లైనుకు కరెంటు ఇచ్చేశారు.

నడుముకు కట్టుకున్న బెల్టే లేకపోతే జోజిబాబు గారు ఆ క్షణమే నేల కూలేవారు. వెంకటప్పయ్య గారు మనుషులను పిలిచి వారిని దింపించి, తన ట్రాక్టరు మీద తిరువూరు చేర్చారు. అక్కడినుంచి విజయవాడ తీసుకువెళ్లారు. ప్రాణం దక్కింది. కుడిచేతిని మోచేతి కింద తొలగించక తప్పలేదు.

ఆసుపత్రికి ముందుగా వెళ్లినది మొహిద్దీన్ గారి తల్లి లాల్‌బీ గారు. అన్నం క్యారియరుతో వార్డు గుమ్మంలో నిలబడితే హన్నమ్మ గారు లోపలికి రానివ్వలేదు. "మీరెందుకొచ్చారమ్మా? చేసినోణ్ణి రమ్మనండి" అన్నారు. మర్నాడు మొహిద్దీన్ గారే వెళ్లారు. జోజిబాబు గారు ఒక్కసారి చూసి, గోడవైపు తిరిగి పడుకున్నారు. కొడుకు అరగంట నిలబడి వచ్చేశాడని లాల్‌బీ గారు తర్వాత చెప్పుకొని బాధపడేవారు.

క్షమ అనేది జోజిబాబు గారికి సులువుగా దొరికిందని ఎవరైనా భావిస్తే అది వారి పట్ల అన్యాయమే అవుతుంది. ప్రమాదం జరిగిన నాటి నుంచి, రోజువారీ ప్రార్థనలో తమకు తప్పు చేసినవారిని క్షమించామని చెప్పే మాట దగ్గరకు వచ్చేసరికి తన నాలుక ఆగిపోయేదని, ఆ ఒక్క మాటను వదిలేసి మిగతాది ముగించేవాడినని వారే అంగీకరించారు.

డిసెంబరులో శాఖాపరమైన విచారణ జరిగింది. మొహిద్దీన్ గారి ఉద్యోగం పోవడం ఖాయమని, ఆపైన పోలీసు కేసు కూడా తప్పదని అందరూ అనుకుంటున్నారు. చొక్కా కుడిచేతిని మడిచి పిన్ను పెట్టుకొని జోజిబాబు గారు విచారణాధికారి ఎదుట కూర్చున్నారు. బల్లకు ఆవలి వైపు మొహిద్దీన్ గారు తలవంచుకొని ఉన్నారు.

"లైన్ క్లియర్ నువ్వు తిరిగి ఇచ్చావా?" అని అధికారి అడిగారు.

"ఇవ్వలేదండి. పైనే ఉన్నాను."

"నువ్వు ఇవ్వకుండానే కరెంటు వచ్చింది."

"అవునండి. వచ్చింది."

అధికారి రాసుకొని, ఇక చాలన్నట్టు కాగితం పక్కకు జరిపారు. జోజిబాబు గారు లేవలేదు.

"ఇంకొకటి రాయాలండి. ఆ రోజు నేను ఎర్త్ రాడ్ తగిలించలేదు."

పొరపాటున కరెంటు వచ్చినా అది మనిషిని తాకకుండా నేలలోకి దిగిపోవడానికి లైనుకు తగిలించే కడ్డీ అది. అది లేకుండా పని మొదలుపెట్టకూడదు.

"జోజిబాబూ, నేను ఆ ప్రశ్న అడగలేదు" అన్నారు అధికారి.

"మీరు అడగలేదండి. నిజం చెప్తానని నేనే కదండీ కూర్చున్నాను. రాడ్ సైకిలుకే కట్టుంది. రైతు తొందర పడుతున్నాడు, నేనూ తొందర పడ్డాను. అది వేసుంటే నాకు ఈ చెయ్యి ఉండేది."

"ఇది రాస్తే నీ మీద కూడా చర్య ఉంటుంది. తెలుసా?"

"తెలుసండి. రాయండి. తప్పు ఇద్దరం చేశాం. శిక్ష మీ ఇష్టం. అతన్ని ఉద్యోగంలోంచి మాత్రం తియ్యమాకండి సార్. లైన్ క్లియర్ అంటే ఏంటో ఇప్పుడు అతనికి తెలిసినంత ఇంకెవరికీ తెలీదు."

ఆ నిమిషంలో తన చెవులు తానే నమ్మలేకపోయానని మొహిద్దీన్ గారు అంటారు. బల్ల అవతల కూర్చున్న మనిషికి తన మీద పగ తీర్చుకోవడానికి అబద్ధం కూడా అక్కర్లేదు, నోరు మూసుకొని లేచి వెళ్లిపోతే చాలు. ఆయన అలా వెళ్లలేదు. ఎంతటి వాడి ముందు కూర్చున్నానో అప్పుడు అర్థమై భయం వేసిందట, శిక్ష అంటే వేసే భయం కాదు అది, కొండ ముందు నిలబడితే వేసే భయం.

విచారణ ముగిశాక వరండాలో మొహిద్దీన్ గారు ఆయన కాళ్ల మీద పడబోయారు. జోజిబాబు గారు ఎడమచేత్తో భుజం పట్టి ఆపారు.

"లే మొహిద్దీనూ. నాకింకా కోపం పోలేదు."

"మరి లోపల..." అన్నారు మొహిద్దీన్ గారు.

"పోయేదాకా ఆగితే ఈలోపు నీ ఉద్యోగం పోద్ది. అందుకే చెప్పాల్సింది ముందు చెప్పేశా. కోపం సంగతి నేనూ నా దేవుడూ చూసుకుంటాం. నువ్వు ఇంటికెళ్లు, మీ అమ్మ ఎదురు చూస్తా ఉంటది."

మొహిద్దీన్ గారికి ఇంక్రిమెంట్ల కోత, దూరప్రాంతానికి బదిలీ పడ్డాయి. ఉద్యోగం నిలిచింది. జోజిబాబు గారి సర్వీసు రికార్డులో మందలింపు చేరింది. దానివల్ల వారి పదోన్నతి ఏళ్ల తరబడి వెనకబడింది. హన్నమ్మ గారు నెల రోజులు భర్తతో సరిగా మాట్లాడలేదు. "చెయ్యీ పోయింది, పేరూ పోయింది, ఏం మిగిలిందయ్యా మనకి?" అని అడిగారట. సమాధానంగా ఆయన పలక తెచ్చుకొని, రెండో తరగతి చదువుతున్న కుమార్తె రుచిత పక్కన కూర్చొని ఎడమచేత్తో అ, ఆలు దిద్దడం మొదలుపెట్టారు. మూడో నెలకు తిరువూరు కార్యాలయంలో ఫిర్యాదుల బల్ల దగ్గర కూర్చొని రాసే ఉద్యోగానికి సిద్ధమయ్యారు.

2007లో మొహిద్దీన్ గారు తిరిగి ఈ ప్రాంతానికి బదిలీ అయి వచ్చారు. ఆయన షిఫ్టులో స్తంభం ఎక్కబోమని లైన్‌మెన్లు తేల్చి చెప్పారు. ఎవరి ప్రాణం వారికి తీపి కనుక వారిని తప్పుపట్టలేం. మొదటి వారంలోనే ఒక స్తంభం మీద తీగలను కలిపే జంపరు తెగింది. కొత్తగా చేరిన జూనియర్ లైన్‌మెన్ అఖిల్ వెనకాడుతున్నారు. కబురు విన్న జోజిబాబు గారు ఆటోలో ఆ స్తంభం దగ్గరకు వెళ్లారు. సబ్‌స్టేషన్‌కు ఫోను చేసి, "మొహిద్దీనూ, నా పేరు మీద లైన్ క్లియర్ రాయి" అన్నారు. అఖిల్ చేత ఎర్త్ రాడ్ తగిలింపజేసి, బిగించింది సరిగా ఉందో లేదో స్వయంగా చూశారు.

"ఆయన షిఫ్టేనా అండీ?" అని అఖిల్ మళ్లీ అడిగారు.

"అవును, ఆయనదే. నువ్వెక్కు, నేనిక్కడే ఉంటా."

ఆ గంటన్నర సేపూ సబ్‌స్టేషన్‌లో మొహిద్దీన్ గారు కుర్చీలో కూర్చోలేదు. గది తలుపు లోపల గడియ పెట్టుకొని, స్విచ్చుకు అడ్డంగా నిలబడే ఉన్నారు. పని పూర్తయ్యాక ఫోను రాలేదు, మనిషే వచ్చారు. జోజిబాబు గారు రిజిస్టరు తెరిచి, తన పేరుకు ఎదురుగా ఎడమచేత్తో మెల్లగా సంతకం పెట్టి, అనుమతి అప్పగించారు.

"ఇవ్వాళ పోయింది మొహిద్దీనూ" అన్నారు.

"ఏంటన్నా?"

"కోపం. స్తంభం కింద నిలబడి పైకి చూస్తా ఉన్నాను. అఖిల్ దిగాక చూసుకుంటే లేదు."

ఇద్దరూ అక్కడే కూర్చొని టీ తాగారు. ఆ సాయంత్రం జోజిబాబు గారు ప్రార్థనలో ఒక్క మాట కూడా వదలలేదని హన్నమ్మ గారు చెబుతారు. మరుసటి ఆదివారం ఆమే లాల్‌బీ గారింటికి వెళ్లి, నాలుగేళ్ల కిందట వార్డు గుమ్మంలో అన్న మాటకు క్షమించమని అడిగారు. లాల్‌బీ గారు ఆమెను భోజనం చేయకుండా కదలనివ్వలేదు.

ఆ తరువాతి సర్వీసంతా తిరువూరు ప్రజలు కళ్లారా చూసినదే. ఫిర్యాదు చేయడానికి వచ్చినది భూస్వామి అయినా, పాక ఇంటి ముసలమ్మ అయినా జోజిబాబు గారు లేచి నిలబడి కుర్చీ చూపేవారు. కోపంతో తిట్టిపోసిన వారిని కూడా, "చీకట్లో ఉండి వచ్చారు, ఆ మాత్రం ఉంటది" అని ఓపిక పట్టేవారు. ఆలస్యంగానైనా 2015లో లైన్ ఇన్‌స్పెక్టరుగా పదోన్నతి లభించింది. కొత్తగా చేరిన ప్రతి ఉద్యోగికీ భద్రతా పాఠం వారే చెప్పారు. పాఠం ప్రతిసారీ తన తప్పుతోనే మొదలయ్యేది. మొహిద్దీన్ గారి పేరు అందులో ఎన్నడూ రాలేదు. ఆ పాఠం విని పైకి ఎక్కినవారిలో నేటివరకు ప్రతి ఒక్కరూ క్షేమంగా కిందికి దిగారు. సువార్తను వారు ఏ వేదిక మీదా ప్రసంగించగా మేము వినలేదు. అయినా దయ అంటే ఏమిటో, అది ఎంత కష్టమైనదో, ఎంత గొప్పదో వారి పక్కన పనిచేసిన హిందువులం, ముస్లిములం, క్రైస్తవులం అందరమూ చూశాం. అంతటి మనిషితో ఒకే హాజరుపట్టీలో సంతకాలు చేశామన్న తలంపు ఇవాళ మాలో గర్వం కంటె వినయాన్నే ఎక్కువగా కలిగిస్తున్నది.

ఈ నెలాఖరున శ్రీ జోజిబాబు గారు పదవీ విరమణ చేస్తున్నారు. శుక్రవారం నమాజులో మొహిద్దీన్ గారు వారి ఆయుష్షు కోసం దువా చేస్తానన్నారు. ఆదివారం సంఘమంతా వారి కోసం ప్రార్థించనుంది. తక్కినవారం మా మా దేవుళ్లకు చెప్పుకుంటాం. హన్నమ్మ గారి తోడులో, విజయవాడలో ఉపాధ్యాయినిగా పనిచేస్తున్న రుచిత గారి ఆప్యాయతలో, వారు ఆరోగ్యంగా, నొప్పి ఎరుగని దేహంతో, బరువు లేని మనస్సుతో దీర్ఘకాలం జీవించాలని, ఆదివారం ఆరాధన మధ్యలో ఇక ఏ కబురూ వారిని లేపకుండా చివరి కీర్తన దాకా హన్నమ్మ గారి పక్కనే కూర్చొని పాడుకొనే భాగ్యం ఎన్నో ఏళ్లు వారికి దక్కాలని సహోద్యోగులమందరమూ మనసారా కోరుకుంటున్నాం.