ఓడ ఇంజనీరు ఉత్తరాలు

మధ్యధరా సముద్రంలో వారం రోజుల యాత్ర; అయిదో ఉదయం ఓడ రోడ్స్ రేవులో ఆగింది. జెనోవా నుంచి వచ్చిన విశ్రాంత ఓడ ఇంజనీరు కుర్చీలోంచి లేవలేదు. ఆయన భార్య చెప్పులు వేసుకుని ఎదురుగా నిలబడి ఉంది.

"లేవయ్యా. ముప్ఫయ్యేళ్లు తిరిగిన ఊరేగా, కోటలోకి దారి నువ్వే చూపించాలి."

"నాకు తెలీదే."

"నేపుల్స్‌లో మోకాలు నొప్పన్నావు, వల్లెట్టాలో ఎండన్నావు. ఇవాళ ఇదా?"

"నేనెప్పుడూ ఒడ్డుకి దిగలేదే. ఓడ నడుస్తుంటే ఇంజిన్ విప్పలేం కదా, రేవులో ఆగాకే మాకు మరమ్మతులు. అవి అయ్యేసరికి లంగరు ఎత్తేసేవాళ్లు."

"మరి ఉత్తరాల్లో రాసిన ఈ ఊరి కంచు జింకల విగ్రహాలు? నీకు అత్తిపళ్లు ఊరికే ఇచ్చిన అవ్వ?"

"కూరగాయలకి వెళ్లొచ్చి వంటవాడు బచీచా చెప్పేవాడు. నేను రాసేవాణ్ణి. ఇన్ని ఊళ్లకెళ్లి ఏమీ చూళ్లేదంటే నవ్వుతావనుకున్నా."

"ఆ అవ్వ గురించి వీధంతా చెప్పుకున్నానయ్యా!"

ఆమె పక్క కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ప్రతి ఉత్తరం చివరా నామీద బెంగగా ఉందని రాసేవాడివి. అదీ బచీచా చెప్పిందేనా?"

"ఛ, అది నాదే. దానికి ఒడ్డుకి దిగక్కర్లేదుగా."