థ్రోయర్ గారి ఎడమ బొటనవేలు

1984 సెప్టెంబరు మూడవ తేదీ, సోమవారం, ఉదయం ఏడున్నర గంటలకు శ్రీ డెరిక్ థ్రోయర్ గారు మన హోల్వర్ కార్ల కర్మాగారపు స్టీరింగు విభాగంలో సహాయకులుగా ఉద్యోగంలో చేరారు. తేదీ నాకింత కచ్చితంగా గుర్తుండడానికి కారణం ఉంది. ఆ రోజే మా రెండో అమ్మాయికి మొదటి పన్ను ఊడింది. ఆ రోజే ఆయన నాతో తగువు పెట్టుకున్నారు. నలభై సంవత్సరాలకు రెండు నెలలు తక్కువగా సాగిన అవిచ్ఛిన్న సేవానంతరం, ఈ జూన్ 28న వారు పదవీ విరమణ చేస్తున్న శుభసందర్భంలో, ప్రత్యేక సంచికకు నాలుగు మాటలు రాయమని యాజమాన్యం వారు నన్ను కోరారు. పదిహేనో ఏట బడి మానేసి, స్టీరింగు చక్రాలకు తోలు కుట్టే బల్ల దగ్గర కూర్చుని, ఇప్పటికీ వారానికి రెండు రోజులు అక్కడే కూర్చుంటున్న ఈ ఐవీ లార్వుడ్, అంతటి మనిషిని గురించి ఏం రాస్తుందని మొదట వెనకాడాను. కానీ ఈ మార్చి పన్నెండున జరిగింది చెప్పక తప్పదు. అందులో నా తప్పు కూడా ఉంది. అది ఒప్పుకోకుండా ఆయనను సాగనంపడం న్యాయం కాదు.

ముందు ఆ తగువు సంగతి. చేరిన రోజునే, టీ గంట కొట్టకముందే, చేతిలో ఒక స్టీరింగు చక్రంతో, చలికాలం కాకపోయినా ఉన్ని చేతొడుగులతో, ఇరవై నాలుగేళ్ళ ఆ కుర్రవాడు నా బల్ల ముందు నిలబడ్డాడు.

"ఏవండీ, ఈ కుట్టు మీదేనా?"

"నాదే నాయనా. ఏం, బాగోలేదా?"

"చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. పట్టుకుంటేనే గోల. బొటనవేలికి మీ దారం తగుల్తోంది గానీ రోడ్డు తగలట్లేదు."

"రోడ్డే తగలాలంటే బండి దిగి చేత్తో తడుముకో బాబూ. పొద్దున్నే నా ప్రాణం తియ్యకు."

కుట్టుబల్లల దగ్గర ఆడవాళ్ళందరూ పగలబడి నవ్వారు. మర్నాడు ఆయన తల్లిగారు చేసిన అల్లం కేకు తెచ్చి నా బల్ల మీద పెట్టి, "కోపం పోయిందా? అయితే కుట్టు లోపలికి దించండి," అన్నారు. ఆ వారమే నేను తోలులో సన్నని గాడి తీసి, కుట్టును అందులోకి దించి, దారపు ముడిని చక్రం లోపలివైపు దాచడం మొదలుపెట్టాను. "ముడి పైకి రాకూడదు ఐవీ," అన్నది అప్పటినుంచి మా ఇద్దరి మధ్య చట్టం. నలభై ఏళ్ళలో ఒక్క ముడి కూడా ఆయన వేలికి తగలలేదు. ఒక్కటి తప్ప. దాని దగ్గరికి వస్తాను.

1992లో పరీక్షకులుగా, 1997లో ప్రధాన పరీక్షకులుగా, 2006లో స్టీరింగు విభాగాధిపతిగా క్రమక్రమంగా ఉన్నతిని పొందిన థ్రోయర్ గారు, పదవి పెరిగిన కొద్దీ మాట తగ్గించుకున్నారు గానీ చేతుల మీది శ్రద్ధ తగ్గించుకోలేదు. పరీక్షకు ముందు వేడి కప్పు పట్టుకునేవారు కారు. టీ చల్లారి మీగడ కట్టాకే తాగేవారు. తోటలో పలుగు పట్టేది వారి సతీమణి డోరీన్ గారే. ఒకసారి స్టీరింగులోని రబ్బరు బిళ్ళ ఒకటి గట్టిగా ఉందని మూడుసార్లు ఒకే బండిని వెనక్కి పంపారు. ముగ్గురు ఇంజనీర్లు కొలిచి తేడా లేదన్నారు. నాలుగోవాడు విప్పి చూస్తే బిళ్ళ నిజంగానే వేరే రకానిది.

పబ్బులో ఎవరు కనిపించినా ఆయనను అడిగేది ఒకటే: "డెరిక్, స్టీరింగు బాగుండే కారేదో చెప్పు, కొనుక్కుంటా." ఆయన కంపెనీ పేరు చెప్పేవారు కారు. "ముందు భాగం బరువు లేనిది చూడు. టైర్లు మరీ వెడల్పు లేనిది చూడు. చక్రం సన్నగా ఉండాలి, అరటిపండంత లావు అక్కర్లేదు. తడి మలుపులో ముందు చక్రాలు జారబోతుంటే, జారకముందే స్టీరింగు చేతిలో తేలికవ్వాలి. ఆ తేలిక నీకు తెలిసిందా, అదే మంచి కారు. తెలియలేదా, నువ్వు సోఫా కొన్నావు." నూనె ఒత్తిడితో పనిచేసే మన పాత స్టీరింగు ఆ కబురును దాచకుండా చేతికి చేరవేసేది. దానిని ఇంతదాన్ని చేసింది ఆయనే. బిడ్డను పెంచినట్టు పెంచారు.

నాలుగేళ్ళ క్రితం కుమారి ఇమోజెన్ గెడ్జ్ వచ్చి, నూనె బదులు విద్యుత్ మోటారుతో పనిచేసే కొత్త స్టీరింగును తయారుచేయడం ప్రారంభించారు. థ్రోయర్ గారు ఆమెను ఎన్నడూ అవమానించలేదు. కానీ ఆ స్టీరింగును మాత్రం నోటికొచ్చినట్టు తిట్టారు. "ఇది రోడ్డు సంగతి చెప్పట్లేదమ్మాయ్, రోడ్డు గురించి ఎవరో రాసిన ఉత్తరం చదువుతోంది," అనేవారు. ఆ పిల్ల కళ్ళు తుడుచుకుని మళ్ళీ పనిలో కూర్చునేది. చివరికి మన యజమాని రూపర్ట్ బుల్వర్ గారు, రాబోయే కారులో కొత్తదే పెడతామని ప్రకటించారు. థ్రోయర్ గారు వెళ్ళి ఒకే ఒక్క కోరిక కోరారు: కళ్ళగంతల పరీక్ష. "నా చేతులు పాతదే మేలంటే పాతది ఉంచండి. కొత్తదే మేలంటే నోరెత్తకుండా ఇంటికెళ్తాను." బుల్వర్ గారు సరేనన్నారు. అంటే ఆయన జీవితకాలపు పని ఉండాలో పోవాలో ఆ ఒక్క ఉదయం తేలిపోవాలి.

ఆ పరీక్ష మనకు కొత్తది కాదు. పాత విమానాల మైదానంలో, రెండు ఒకే రంగు బండ్లు. నడిపేవారి కళ్ళకు గుడ్డ, పాత స్టీరింగు నూనె పంపు చప్పుడు వినబడకుండా చెవులకు దూది, ఆపైన మూతలు. పక్కసీటులో మెకానిక్, ఆయన కాలికింద ఇంకో బ్రేకు. కుడి భుజం తడితే కుడికి, ఎడమ తడితే ఎడమకు తిప్పాలి. తోలు తేడాను బట్టి బండిని పోల్చుకోకుండా రెండు చక్రాలూ అచ్చంగా ఒకేలా కుట్టాలి. ఆ పని నాది.

నేను చేసిన అపరాధం ఇదే. రెండింట్లో ఒక చక్రానికి, ఎడమ బొటనవేలు ఆనే చోట, కంటికి కనబడని విధంగా తోలు కింద ఒక ముడి వదిలాను. పాత బండిలో కూర్చున్నప్పుడు ఇది తనదేనని ఆయనకు తెలియాలని. ఆయనతో ఒక్క మాట చెప్పలేదు, చెబితే ఒప్పుకోరు. చక్రాలను రెండు కొక్కేలకు తగిలించి, ఇక్కడి కుర్రాళ్ళందరిలాగే నన్ను నానమ్మా అనే మెకానిక్ క్లైవ్‌ను పిలిచాను.

"ఎడమ కొక్కేనికున్నది పాత బండికి పెట్టరా."

"రెండూ ఒకటేగా నానమ్మా?"

"ఒకటే అయినా చెప్పినట్టు చెయ్. అన్నిటికీ ఎదురు ప్రశ్నలే నీకు."

మార్చి పన్నెండున చలిగాలి వీస్తోంది. కర్మాగారమంతా మైదానం అంచున నిలబడింది. మొదటి బండిలో థ్రోయర్ గారు మూడు చుట్లు తిరిగి, కళ్ళగంతలు తీయకుండానే ఆచారం ప్రకారం చీటీ రాసి కవరులో పెట్టారు. రెండో బండిలో మూడు చుట్లు అయ్యాయి. బండి ఆగింది. ఆయన దిగలేదు. క్లైవ్ వైపు మూడు వేళ్ళు చూపించారు. ఇంకో మూడు చుట్లు! ఎవరూ ఎప్పుడూ అడగలేదలాంటిది. అవీ అయ్యాక, చక్రం మీద రెండు చేతులూ పెట్టుకుని, కళ్ళకు గుడ్డతో, చాలాసేపు అలాగే కూర్చున్నారు. చీటీ రాసి, కవరులో పెట్టి క్లైవ్‌కిచ్చారు. దిగి, చెవుల మూతలు తీసి, "రెండోదే," అన్నారు. "రెండోదే మేలు."

బుల్వర్ గారు రెండో బండి ముందు మూత ఎత్తారు. లోపల నూనె డబ్బా లేదు, పంపు లేదు. అది ఇమోజెన్ బండి.

ఇమోజెన్ చేతిలోని టీ కప్పు ఆమె బూట్ల మీదే ఒలికిపోయింది. నేను జనాన్ని తోసుకుంటూ వెళ్ళి ఆ బండిలోకి వంగి, చక్రం మీద ఎడమవైపు బొటనవేలు ఆనించాను. ముడి! నా ముడి అక్కడుంది. రెండూ ఒకటేనని క్లైవ్ చేతికందిన చక్రం తీసుకెళ్ళి బిగించేశాడు. ఆయన నా ముడిని నమ్మి, కొత్త బండిని తనదనుకుని మెచ్చుకున్నారు. నలభై ఏళ్ళ పనిని నా చేతులతోనే నేను చంపేశాను. ఆ క్షణంలో నాకు తోచింది అంతే.

ఆయనను టీ గుడారం వెనక్కి లాక్కెళ్ళాను.

"డెరిక్, నీ గొంతు కోశాను. వెళ్ళి మాట వెనక్కి తీసుకో!"

"ఏమైందే ఐవీ? ఎవరైనా పోయారా?"

"ముడి... ఎడమ బొటనవేలి కింద..."

"తగిలింది," అన్నారు ఆయన. "బఠాణీ గింజంత. మొదటి చక్రంలో లేదు, రెండోదాంట్లో ఉంది."

"అది చూసే కదా రెండోదన్నావు? అది నీ బండనుకునే కదా?"

అప్పుడు ఆయన ముఖంలో వచ్చిన కోపం ఈ నలభై ఏళ్ళలో నేనెరగను. "నా బండిని నాకు ముడేసి చూపించాలా నువ్వు? తగలగానే నువ్వేం చేశావో అర్థమైంది. మొదటి మలుపు తిరిగేసరికి క్లైవ్ ఏం చేశాడో కూడా అర్థమైంది."

అంటే ఏ బండి ఏదో ఆయనకు ముందే తెలుసు! 'మొదటిదే' అని ఒక్క మాట అంటే పాత స్టీరింగు బతికేది, ఎవరికీ అనుమానం వచ్చేది కాదు.

"మరి ఇంకో మూడు చుట్లెందుకు తిరిగావు నాయనా?"

ఆయన చేతొడుగులు నెమ్మదిగా తొడుక్కున్నారు. "తప్పు దొరుకుతుందేమోనని. ఒక్క పెద్ద తప్పైనా దొరకాలని వెతికా ఐవీ. తడిచోట చక్రాలు జారబోతే, నాదానికంటే ముందు అది చెప్పింది. ఇంకేం చెయ్యను? చేతులు చెప్పిందే చెప్పమని నలభై ఏళ్ళు పిల్లల్ని సతాయించినవాణ్ణి."

నేనింకా నమ్మకపోవడం చూసి, క్లైవ్ జేబులోంచి, ఆ గలాటాలో ఎవరూ తెరవని రెండో కవరు తెప్పించారు. కళ్ళు మూసుకుని రాసింది కదా, అక్షరాలు కాగితం అంచుదాకా జారిపోయాయి. "ఇది నాది కాదు. నాదానికంటే మేలు. చక్రం తిన్నగా ఉన్నప్పుడు కాస్త మొద్దు, వేసవిలోగా సరిచేయాలి."

బుల్వర్ గారితో నా తప్పు ఆ రోజే చెప్పుకున్నాను. ఆయన చీటీ చదివి, నన్ను చూసి, మళ్ళీ చీటీ చదివి, టీ తాగమన్నారు.

చివరి మూడు నెలలూ థ్రోయర్ గారు ఇమోజెన్ పక్కసీటులో కూర్చుని ఆ మొద్దుతనాన్ని సరిచేశారు. తిట్లు మాత్రం తగ్గలేదు. ఇప్పుడు ఆ పిల్ల కూడా తిరిగి తిడుతోంది. జూన్ ఏడున పని పూర్తయిందని సంతకం పెట్టి, నా బల్ల దగ్గరికి వచ్చి, పొగలు కక్కే టీ కప్పును చేతొడుగులు లేకుండా రెండు చేతులతో పట్టుకుని తాగారు. గదిలో కుట్టు మిషన్లు అన్నీ ఆగిపోయాయి. "ఏంటలా చూస్తారు? వేడి టీ బాగుంటుందని నాకెవరూ చెప్పలేదేం?" అన్నారు.

సంస్థ తరఫున వారికి బహూకరిస్తున్నది ఆ రెండో బండి చక్రమే. ముడి విప్పి, కుట్టు సరిచేసి ఇస్తానన్నాను. "ముట్టుకున్నావంటే ఊరుకోను," అన్నారు. అందుచేత అది అలాగే ఉంది.

మాన్యులు, నిష్కపటులు, నా తగవుల మిత్రులు శ్రీ డెరిక్ థ్రోయర్ గారు, శ్రీమతి డోరీన్ గారితో కలిసి సంపూర్ణ ఆయురారోగ్యాలతో చిరకాలం సుఖించాలనీ, పలుగు ఇకనైనా వారే పట్టాలనీ, టీ ఎప్పుడూ వేడిగానే తాగాలనీ, ఇంట్లో గోడకు తగిలించుకోబోయే ఆ చక్రాన్ని పట్టుకున్నప్పుడల్లా ఎడమ బొటనవేలికి ఆ ముడి నూరేళ్ళూ తగులుతూ ఉండాలనీ, తగిలిన ప్రతిసారీ నన్ను తిట్టుకోవాలనీ మనసారా కోరుకుంటున్నాను.