తేదీ గడి

కూర్చో తల్లీ, ఆ కుర్చీ కాలు కదులుతుంది, ఇటు జరుపుకో. మీ అమ్మమ్మ గురించే కదూ? మంత్రసానమ్మ అనేవాళ్ళం. మనిషి ఇంతే ఉండేది, నోరు మాత్రం... మా పెద్దపిల్లను భూమ్మీదికి తెచ్చింది ఆ చేతులే. సరే, అదలా ఉంచు. యుద్ధం రోజులు. మన సైన్యమే, పరాయివాళ్ళు కాదు, వచ్చి బడిలో దిగింది. ఎదురుగానే కుళాయి. ఊళ్ళో ఆడవాళ్ళంతా నీళ్ళకి అక్కడికే రావాలి. నేనేమో ప్రభుత్వాఫీసులో అర్జీలు పుచ్చుకునే కిటికీ దగ్గర. రాత్రిబడిలో అక్షరాలు దిద్దుకుని సంపాదించిన కుర్చీ, నా టెక్కు చూడాలి! ఒక్క గడి ఖాళీగా ఉన్నా అర్జీ వెనక్కి కొట్టేవాణ్ణి. మీ అమ్మమ్మ వచ్చింది. "అయ్యా, వాళ్ళ చూపులు బాగాలేవు. బడి ఖాళీ చేయించండి, లేదా వాళ్ళని అదుపులో పెట్టే అధికారినైనా అక్కడ ఉంచండి" అంది. చూస్తే 'ఘటన జరిగిన తేదీ' గడి ఖాళీ. తేదీ ఏదమ్మా అన్నా. "జరక్కూడదనే కదయ్యా వచ్చింది." అయితే జరిగాక రా అన్నా. అవును, ఈ నోటితోనే. ఆవిడ చువ్వలు పట్టుకుని, "నన్ను నీ పెళ్ళాం కన్నాక పిలిచావా, నొప్పులు మొదలవగానే పిలిచావా?" అంది. వరసలో అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. మూడుసార్లు వచ్చింది, మూడుసార్లూ తిప్పి పంపా. పక్కగదిలో పెద్దాఫీసరుకి వినపడలేదనుకోకు, తలుపు తీసే ఉండేది.

నాలుగోసారి కాగితం లోపలికి తోసింది. గడి నిండి ఉంది. కింద తొమ్మిది వేలిముద్రలు, ఒకటి మరీ చిన్నది. "ఇప్పుడు పుచ్చుకుంటావా?" అంది. పుచ్చుకున్నా. ముద్ర కొట్టా, నంబరు వేశా.

విచారణలో జడ్జీగారు, "ప్రభుత్వానికి ముందుగా ఎవరైనా చెప్పారా?" అనడిగారు. పెద్దాఫీసరు రిజిస్టరు తెరిచి, "మాకందిన మొదటి అర్జీ ఇదేనండి" అన్నాడు. నన్నడిగారు. అవునండి అన్నా. మీ అమ్మమ్మ అక్కడే, బెంచీ మీద. ఆ తర్వాత నేనెదురైతే రోడ్డు దాటేసేది. మా ఆవిడ రెండో కాన్పుకి మాత్రం... పిలవడానికి నాకు మొహం చెల్లలేదు తల్లీ. పిలవకుండానే వచ్చి గుమ్మంలో నుంచుంది.

ఇప్పుడు మళ్ళీ కేసు తిరగదోడుతున్నామంటావు. ఆవిడ ముందే చెప్పిందని సంతకం పెట్టమంటావు. ఇలా ఇవ్వు. నువ్వు రాయొద్దు, నేనే రాస్తా, చేతులు పడిపోలేదు. ఏంటి, దీంట్లోనూ ఉందే ఈ గడి? ఏ తేదీ వెయ్యను? ఆవిడ మొదటిసారి వచ్చిన రోజా, లేక... ఆ కిటికీ వెయ్యి తల్లీ, కాగితం నిలవట్లేదు.