ఎవరికీ తెలియని తెలుగు

మలేషియాలోని బంటింగ్‌లో ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీ. క్లాసులో తెర మీద ఎవరో ప్రొఫెసర్ ఉచిత ఆన్‌లైన్ పాఠం నడుస్తోంది. తలుపు దగ్గర ప్రిన్సిపాల్, పాఠం చెప్పాల్సిన మాస్టారు నిలబడి మాట్లాడుకుంటున్నారు.

“సోమవారం నుంచి నువ్వు రానక్కర్లేదు, తమ్ముడూ.”

“పిల్లల ముందు ఏటన్నా ఇది? బయటికెళ్లి మాట్లాడుకుందాం.”

“అందరూ మలాయ్ పిల్లలు, చైనా పిల్లలే. మన తెలుగు ఎవడికి తెలుస్తది?”

“మంచి మాస్టర్లు దొరకట్లేదని మొన్న మీరే అన్నారు కదా!”

“అన్నాను. మంచోళ్లంతా సింగపూర్ ఎల్లిపోయినారు. నువ్వు మిగిలినావు.”

“ఇన్నేళ్లు ఇక్కడే పాఠాలు సెప్పినానన్నా.”

“ఆ తెర మీదాయన ఊరికే సెప్తన్నాడు. పైగా పిల్లలకి అర్థమవతన్నాది.”

“పిల్లలకి డౌటొస్తే ఆ తెరని అడుగుతారా?”

“నిన్ను అడిగితే ఏటి సెప్పినావు? ఆ వీడియోనే మళ్లీ సూడమన్నావు. నాకు తెలీదనుకున్నావా?”

“మెల్లగా అన్నా, పిల్లలు ఇంటారు.”

“ముందు బెంచీలో ఆ పిల్ల ఎందుకు ఏడుస్తన్నాది?”

“మా క్యారల్. నా కూతురన్నా.”

“ఓహో, తెలుగు నేర్పినావా? మంచిదే. ఇంటికెళ్లి నువ్వు మళ్లీ సెప్పక్కర్లేదు.”