వాలు మీద గట్టు

చీడికాడ దాపున, వాలు మీదున్న మెట్ట చేను; కింద గెడ్డ, చిన్న వాగు. రాత్రి తొలి వాన పడి వెలిసింది. చేనును రెండు చెక్కలుగా విడదీసే గట్టు మీద పైడితల్లి నిలబడి ఉంది. గట్టు కింద ఆమె బావగారు, భర్తకు అన్న, పరదేశి. ఆగి ఉన్న ట్రాక్టర్ మీద డ్రైవర్ నానాజీ.

"దిగమ్మా పైడితల్లీ. ట్రాక్టర్ పొద్దుట్నించీ కాసుకునుంది."

"దిగను బావా. ఈ గట్టు తీసేత్తే నా సెక్క ఏదో, మీ సెక్క ఏదో ఎవలికి తెలుత్తాది?"

"నాలుగు మూలలా రాళ్లు పాతుతానన్నాను కదా."

"రాళ్లదేటుంది? ఇయ్యాళ పాతుతారు, రేపు పీకుతారు. మీరు కాకపోతే మీ కొడుకులు."

"అంత మాటనకమ్మా."

"అనకేటి? ఆయన పోయేక మా పిల్ల ధనశ్రీకి మిగిలింది ఈ సెక్కే. దానికి ఆనవాలు ఈ గట్టే."

"గట్టుంటాది, మట్టుండదు. కిందకి సూడు. గెడ్డలో నీళ్లెలాగున్నాయి?"

"ఎర్రగా ఉన్నాయి."

"అది మన సేనే. నీదీ నాదీ కలిసే కొట్టుకుపోతంది. అంత వాన కురిసిందా, జానెడు తవ్వి సూడు, లోపలంతా పొడే. నిలువుసాళ్లలో పడ్డ నీళ్లు పడ్డట్టే మట్టినెత్తుకుని గెడ్డకి పరిగెడతన్నాయి. మా నాన్న ఎడ్లతో వాలుకి అడ్డంగా దున్నేవోడు. ఎప్పుడైనా ఇలా పోయిందా?"

"అప్పుడు సేను ఒక్కటే కదా. ఇద్దరికీ పైన రోడ్డు తగలాలి, కింద గెడ్డ తగలాలి అని ఇలా నిలువునా సీల్చుకున్నదెవలు? మీరిద్దరే కాదేటి?"

"సీల్చుకున్నాం. బుద్ధి లేక సీల్చుకున్నాం. ఇప్పుడు సెక్కలు సన్నగైపోయి, నిలువుగా తప్ప దున్నడానికి అవట్లేదు. అడ్డంగా దున్నితే పెతి సాలూ ఓ సిన్న గట్టే. నీళ్లు అక్కడికక్కడే ఆగి లోపలికి దిగుతాయి."

"ఈ మాట మీకెవలు సెప్పేరు?"

"ఎవలో... వ్యవసాయం ఆఫీసరు."

"ఈ మాట మా ఆయన సెప్పేవోరు. అన్నం కాడ కూసున్నా ఇదే గోల."

"మా తమ్ముడు సత్తియ్య సంగతి ఇప్పుడెందుకమ్మా?"

"మరెప్పుడు? పేరెత్తితే సాలు, మొకం తిప్పేసుకుంటారు."

"ఎండెక్కిపోతంది. దిగు. దిగు తల్లీ."

"మావా, బండి తోలేవోణ్ని, నన్నో మాట సెప్పనీ. అమ్మా, నాను మునగపాకోడిని. మాదంతా పల్లం, మాకీ బాధ లేదు. గట్టుంచేసి అడ్డంగా దున్నమంటే మాత్రం నా వల్ల కాదు. ఈ సన్నటి సెక్కలో బండి తిప్పడానికి సోటేదీ? సక్రం గట్టెక్కిందంటే బండి తిరగబడిపోద్ది. గట్టుకి గండి కొట్టుకుని అవతల సెక్కలోకెళ్లి తిప్పుకోవాలి—"

"నోరుముయ్యి నానాజీ."

"నానేటన్నాను మావా?"

"ముయ్యమన్నానా!"

"కుర్రోణ్ని కసురుతారెందుకు బావా? ఆడికేటి తెలుసు? బాబూ, కిందటేడు నా పెనిమిటి ఇక్కడే పోయేరు. ఇదిగో, ఈ గట్టు కాడే. మట్టి పోతంది, మట్టి పోతంది అని, తన సెక్క వరకైనా అడ్డంగా దున్నుతానని బండెక్కేరు. బండి మీద పడిపోయింది."

"అయ్యయ్యో... తెలీదమ్మా. ఒట్టు, తెలీదు."

"సాలు. గట్టు తియ్యడమూ వద్దు, దున్నడమూ వద్దు. నానాజీ, బండి తిప్పేసుకో."

"ఆగు బాబూ. బావా, నిజం సెప్పండి. మట్టి కోసమేనా ఈ గట్టు తీసెయ్యాలని?"

"మట్టి కోసమే."

"మట్టి కోసమేనా?"

"...సూడలేకపోతన్నానమ్మా. పొద్దున్న సేలోకొత్తే ఇదే కనబడతాది, పడుకుంటే ఇదే కనబడతాది. ఒక్కగానొక్క తమ్ముడు."

"కూసోండి బావా."

"నాకేటవలేదు."

"ఏడాదిగా నా సెక్క దున్నించింది మీరే. మా ఇంట్లోకి గింజలు పంపింది మీరే. అందుకే నోరు కట్టుకున్నాను."

"దేనికి నోరు కట్టుకున్నావు?"

"ఏం లేదు. నానాజీ, రా బాబూ. ఇదిగో దిగిపోతన్నాను. గట్టు తీసీ. రాళ్లు కూడా వద్దు."

"వద్దమ్మా! నీ కూతురికి ఆనవాలన్నావు కదా?"

"ఆనవాలుంచుకుని మట్టి పోగొట్టుకుంటే దాని నోట్లోకేటెళ్తాది? ఆయన కోరుకున్నట్టు అడ్డంగానే దున్నించండి."

"పైడితల్లీ... దేనికి నోరు కట్టుకున్నావో సెప్పీ. నీకు దండం పెడతాను."

"ఆ పొద్దు ఆయన మీ గుమ్మంలోకొచ్చి, గండి కొట్టుకుని మీ సెక్కలో బండి తిప్పుకుంటానని అడిగేరంట, 'నా సేలో సక్రం పెట్టేవంటే ఊరుకోను' అన్నారంట మీరు... ఆ మాట నాతో సెప్పే ట్రాక్టరెక్కేరు బావా."