తాటికమ్మ కనిపిస్తే ఆగే బస్సు

1936వ సంవత్సరం జూలై రెండవ తేదీన మన కంపెనీలో క్లీనరుగా చేరిన శ్రీ జగన్నాధం గారు, ముప్పది రెండు సంవత్సరాల అవిచ్ఛిన్న సేవానంతరం, ఈ 1968 జూన్ ముప్పదవ తేదీన నరసన్నపేట స్టాండులో కండక్టరు సంచి అప్పగించి పదవీ విరమణ చేస్తున్నారు. వారిని గూర్చి మన కంపెనీ పత్రిక ఈ సంచికకు వ్రాయమని మేనేజరుగారు నన్ను ఆదేశించారు. ఇరవై ఏళ్ళుగా వారి బస్సు రాకపోకల వేళలు నమోదు చేసిన టైమ్‌కీపరును కనుక నేనే తగినవాడినని భావించి ఉంటారు. తగుదునో లేదో చదివినవారే నిర్ణయించాలి.

యుద్ధకాలంలో పెట్రోలు కరువై బొగ్గు గ్యాసుతో బస్సులు నడిచిన రోజులలో, వెనుక నిలిచి ఫ్యాను త్రిప్పి త్రిప్పి అరచేతులు కాయలు కాయించుకున్న ఆ యువకుడు 1943లో కండక్టరై, గజపతినగరం మార్గంలో పదేళ్ళు, పిదప శ్రీముఖలింగం మార్గంలో నేటివరకు పనిచేశారు. ఈ రెండవ దారిలో రోజుకు రెండే ట్రిప్పులు. సంతకైనా, కోర్టుకైనా, ఆసుపత్రికైనా, చావుకబురు మోయడానికైనా అందరికీ ఆ ఒక్క బస్సే గతి. చూలాలు ఎక్కితే, కూర్చున్న మునసబుగారిని సైతం "కాసింత లెగండి బాబూ" అని లేపగల చనువు జగన్నాధం గారిది.

ఆ దారిలో రాళ్ళగెడ్డ మలుపు ఉన్నది. ఊరు అక్కడికి రెండు మైళ్ళు లోపల. మలుపులో స్టాపు లేదు. రోగిని తీసుకురావలసినవారు ముందుగా ఒకరిని పరుగెత్తించి మైలురాయికి తాటికమ్మ కట్టిస్తారు. మనిషి వస్తున్నాడు, ఆగమని దాని అర్థం. బస్సెక్కేటప్పుడు కమ్మ విప్పి పారవేయడం ఆచారం.

1966 నవంబరులో ఒకనాడు ఎవరో కమ్మ విప్పకుండానే ఎక్కిపోయారు. తిరుగు ట్రిప్పులో అది చూసి జగన్నాధం గారు తొమ్మిది నిమిషాలు బస్సు ఆపారు. ఎవరూ రాలేదు. కమ్మను అలాగే వదిలి బయలుదేరారు. ఆ తొమ్మిది నిమిషాలకు వారికి మెమో ఇచ్చినది నేనే. మర్నాడు ఉదయం కమ్మ మళ్ళీ కనిపిస్తే, నిన్నటిదే అనుకొని వారు రైట్ చెప్పారు.

అది నిన్నటిది కాదు. గున్నమ్మ అనే కూలిమనిషి కూతురు, పంతొమ్మిదేళ్ళ అమ్మడు, కాన్పు కష్టమై మంచం మీద మలుపు చేరేసరికి బస్సు లేపిన దుమ్మే మిగిలింది. ఎడ్లబండి తేవడానికి పోయిన మనిషి తిరిగి వచ్చేలోగా, తల్లీ కడుపులోని బిడ్డా ఆ మైలురాయి దగ్గరే పోయారు. తిరుగు ట్రిప్పులో బస్సు అక్కడ ఆగింది.

"కమ్మ కట్టినాం గదా బాబూ, సూడనేదా?" అని అడిగింది గున్నమ్మ.

"సూసినానమ్మా. నిన్నటిదనుకున్నాను."

మెమో సంగతి చెప్పి తప్పుకోవచ్చు. చెప్పలేదు. నా పేరు నేటివరకు ఎవరి ముందూ ఎత్తలేదు. సిగ్గుతో నేనే ఇక్కడ వ్రాస్తున్నాను.

ఆనాటి నుండి కమ్మ ఉన్నా లేకున్నా వారు ఆ మలుపులో బస్సు ఆపి, దిగి, పొలాలవైపు చూసేవారు. మనిషి ఎక్కాక కమ్మను తమ చేతులతోనే విప్పేవారు. ఆ ఆలస్యాన్ని నేను మళ్ళీ నమోదు చేయలేదు. అక్కడ స్టాపు ఇవ్వమని వారు మూడు అర్జీలు పెట్టారు. ఒక్కదానికీ జవాబు రాలేదు.

మొన్న గున్నమ్మ స్టాండుకు వచ్చింది. "బాబు దిగిపోతన్నాడంట గదా. ఇకనుంచి మా కమ్మకి ఎవలాపుతారు?" అన్నది. రాబోయే కొత్త కండక్టరును నేను అడిగితే, టైమ్‌షీటులో ఆ స్టాపు లేదన్నాడు. ఆ షీటు వ్రాసేది నేను. ఆ పూటే రాళ్ళగెడ్డ మలుపునకు అయిదు నిమిషాలు చేర్చి సంతకం చేశాను. దీనికి మెమో వస్తే నాకే రావాలి. ఎంతకాలం నిలుస్తుందో చెప్పలేను.

వెళ్ళబోతున్న ఆమెను, జగన్నాధం గారి గురించి ఏమి వ్రాయమంటావని అడిగాను.

శ్రీ జగన్నాధం గారు, వారి ధర్మపత్ని శ్రీమతి పద్మకుమారి గారు ఆయురారోగ్యాలతో, మనశ్శాంతితో చిరకాలం వర్ధిల్లాలని మనందరి తరఫున ఆకాంక్షిస్తున్నాను. గున్నమ్మ తరఫున మాత్రం ఆమె చెప్పినదే వ్రాస్తున్నాను: "సల్లగా బతకమని రాయి బాబూ. నా పిల్ల బతకాల్సిన రోజులు గూడా ఆ బాబే బతకాల."